గుంటూరు సంచిలో పొదిలి మిరప

మంచి సరుకు పండే చోటుకే పేరు వస్తుందనీ, పేరు రాని నేలలో ఏదో లోటు ఉండి తీరుతుందనీ మనలో చాలామంది గట్టిగా నమ్ముతారు. మిరప అనగానే గుంటూరు, మామిడి అనగానే బంగినపల్లి. పొదిలి అంటే, అదెక్కడుందని అడుగుతారు. వ్యవసాయం చదువుకున్నవాళ్ళు, ఎగుమతి వ్యాపారులు ఇదే సంగతిని కాస్త పెద్ద మాటల్లో చెబుతారు. మార్కెట్టుకు అన్నీ తెలుసట, బాగున్నదాన్ని అదే ఏరుకుని పైకి తెస్తుందట, ఎవరూ అడగని ఊరి సరుకులో అడగదగ్గది లేదట. ఈ వాదం తప్పు. పొదిలి లాంటి ఊళ్ళ రైతుల కష్టాన్ని వంద ఏళ్ళు గడిచినా ఎవరి లెక్కలోకీ రాకుండా చేసే తప్పు. దీన్ని ఖండించడానికి దూరదేశం నుంచి సాక్ష్యం తెస్తున్నాను. పంటకూ నేలకూ ఉన్న సంబంధాన్ని చట్టంలో రాసుకున్న దేశం ఫ్రాన్సు. వాళ్ళ వైన్ చరిత్రలో ఈ నమ్మకానికి గట్టి జవాబుంది.

దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన నేల పొదిలికి ఎంతో దూరం లేదు. తాగుడును పొగడటానికి నేను కలం పట్టలేదు. ద్రాక్షతోటల గురించి, ఆ పంట ఎవరి పేరు మీద అమ్ముడుపోయిందన్న దాని గురించే నా మాట.

ఫ్రెంచి వైన్ అంటే మనవాళ్ళకు తెలిసినవి మూడే పేర్లు: బోర్డో, బర్గండీ, షాంపేన్. వీటిలో బోర్డో సంగతే ముందు చూద్దాం. అక్కడి వైన్ గొప్పది, కాదనను. అయితే ఆ పేరు లోకమంతా పాకడానికి గొప్పదనం ఒక్కటే కారణమా? 1152లో అక్విటేన్ సంస్థానానికి వారసురాలైన ఎలియనోర్, తర్వాత రెండేళ్ళకు ఇంగ్లండు రాజైన హెన్రీని పెళ్ళాడింది. దాంతో బోర్డో రేవు ఇంగ్లండు రాజు చేతికొచ్చింది. రాజుకు విధేయంగా ఉన్నందుకు ఆ ఊరి వర్తకులు ప్రత్యేక హక్కులు సంపాదించారు. ఏటికి ఎగువన ఉన్న కాఓర్, గయాక్ ప్రాంతాల వైన్ అంతా లోత్, తార్న్, గరోన్ నదుల మీద పడవల్లో దిగి ఇదే రేవుకు రావాలి, వేరే దారి లేదు. బోర్డో వాళ్ళ సరుకు ఓడలకెక్కేదాకా ఎగువ సరుకు రేవులోకి రాకూడదని నియమం పెట్టారు. మొదట నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగ దాకా, ఆనక క్రిస్మస్ దాకా ఎగువవాళ్ళు ఆగాలి. ఆ రోజుల్లో వైన్ ఏడాదికే పులిసిపోయేది. కొత్త పంట కోసం ఎగబడే ఇంగ్లండు ఓడలు శరత్కాలంలో వచ్చి నింపుకుని వెళ్ళిపోయేవి. ఆలస్యంగా దిగినవాడు దక్కిన ధరకు అమ్ముకోవాలి. 13వ శతాబ్దంలో మొదలైన ఈ కట్టడిని 1776లో తుర్గో అనే మంత్రి రద్దు చేసేదాకా ఎగువ రైతుకు విడుదల లేదు.

ఐదు వందల ఏళ్ళు! అన్నేళ్ళపాటు తలుపు మూసిపెట్టి, ఆ తర్వాత "చూశారా, బోర్డో ముందు కాఓర్ నిలబడలేకపోయింది" అంటే అది ఏ న్యాయం? పైగా కాఓర్ వైన్ నాసిరకమైతే బోర్డో వర్తకులు దాన్ని కొనే అవసరమే ఉండేది కాదు. కొన్నారు. మాల్బెక్ ద్రాక్షతో చేసిన ఆ చిక్కటి, నల్లటి వైన్‌ను తమ పలచటి వైన్‌లో కలిపి, రంగూ బలమూ తెచ్చుకుని, బోర్డో అని అమ్మారు. రోన్ లోయలోని హర్మిటేజ్ నుంచి కూడా ఇందుకోసమే తెప్పించేవారు. పేరు లేని ప్రాంతపు సారం పేరున్న సీసాలోకి చేరింది, సొమ్ము సీసా మీది పేరుకు చేరింది.

మార్కెట్టుకు అన్నీ తెలుసనేవాళ్ళు 1855 నాటి జాబితాను గుర్తుచేస్తారు. పారిస్ ప్రదర్శన కోసం బోర్డో తోటలను ఐదు తరగతులుగా విడదీసిన ఆ జాబితా ఇవాళ్టికీ చెల్లుబాటులో ఉంది. దాన్ని తయారుచేసింది దళారులు. తరగతి కట్టడానికి వాళ్ళు చూసింది, ఏళ్ళ తరబడి ఏ తోట సరుకు ఎంతకు అమ్ముడైందన్నది. అంటే ధరే నాణ్యత అని ముందే అనుకుని, ధరను బట్టి తరగతి కట్టి, ఆ తరగతిని చూపి మళ్ళీ ధర అడగటం. ఇలా తన తోక తానే పట్టుకు తిరిగే వాదానికి నేల గురించి ఏమీ తెలియదు.

షాంపేన్ కథ ఇంకా చేదు. ఓబ్ అనే దక్షిణ భాగంలోని త్రువా పట్టణం ఒకప్పటి షాంపేన్ సంస్థానానికి రాజధాని. ఓబ్ రైతుల ద్రాక్షను మార్న్ ప్రాంతపు పెద్ద వ్యాపార సంస్థలు ఏళ్ళ తరబడి కొని తమ వైన్‌లో వాడుకున్నాయి. 1908లో ప్రభుత్వం షాంపేన్ హద్దులు గీసినప్పుడు మాత్రం ఓబ్‌ను బయట పెట్టింది. 1911లో అక్కడి రైతులు వీధికెక్కారు. ప్రభుత్వం కాస్త మెత్తబడగానే మార్న్ రైతులు ఆయ్ పట్టణంలో గోదాములకు నిప్పు పెట్టారు. మధ్యేమార్గంగా ఓబ్‌కు "రెండో మండలం" అని పేరు పెట్టారు. 1927 దాకా ఆ ముద్ర పోలేదు. పోయిన రోజున నేల మారలేదు, తీగ మారలేదు. కాగితం ఒక్కటే మారింది. అంతకు ముందురోజు దాకా రెండో రకమైన ద్రాక్ష తెల్లారేసరికి మొదటి రకమైంది.

ఇక పేరు లేని చోట్ల ఏముంటుందో చూద్దాం. స్విట్జర్లండు సరిహద్దున జురా అనే చిన్న కొండ ప్రాంతం ఉంది. చలి ఎక్కువ, నేల సున్నపురాయీ నీలి బంకమన్నూ. అక్కడ సవాన్యాఁ అనే తెల్ల ద్రాక్షతో "పసుపు వైన్" చేస్తారు. ఎక్కడైనా వైన్‌ను పీపాలో పోస్తే, ఆవిరై తగ్గినప్పుడల్లా మళ్ళీ నింపుతారు, గాలి తగిలితే చెడుతుందని భయం. జురా వాళ్ళు నింపరు. పైన ఈస్టు ఒక పల్చటి పొరలా పేరుకుని వైన్‌ను కాపాడుతుంది. ఆరేళ్ళ మూడు నెలలు అలాగే వదిలేయాలని చట్టం. లీటరుకు మిగిలేది 62 సెంటీలీటర్లని లెక్క. అందుకే ఆ వైన్‌ను 62 సెంటీలీటర్ల పొట్టి సీసాలోనే అమ్ముతారు. దాని వాసనకు ఒక కారణం సోటలోన్ అనే పదార్థం. మన మెంతులకు ఆ వాసన ఇచ్చేది కూడా అదే. ఆవకాయ తిని పెరిగిన ముక్కుకు ఆ సీసా మూత తీయగానే పరిచయస్థుడు ఎదురైనట్టుంటుంది. లూయీ పాస్టర్ పెరిగిన ఆర్బువా ఊరు జురాలోదే. వైన్ ఎందుకు చెడుతుందో ఆయన పరిశోధించినదీ అక్కడే. ఇంత విద్య ఉన్న ప్రాంతంలో, తీగల వేళ్ళను తినే ఫిలాక్సెరా పురుగు రాకముందు దాదాపు 20 వేల హెక్టార్ల తోటలుండేవి. ఇప్పుడు రెండు వేల హెక్టార్ల చిల్లర. పురుగు ఒక దెబ్బ కొట్టింది. దక్షిణాది చవక వైన్‌ను మోసుకొచ్చిన రైలు రెండో దెబ్బ కొట్టింది. రుచి పోయి తోటలు పోలేదు.

మార్సియాక్ అని మరొకటి. ఆవేరోన్ కొండల్లో ఇనుము నిండిన ఎర్రనేల, కనిగిరి రోడ్డు మీద మనకు కనిపించే రంగే. ఫేర్ సెర్వదూ అనే ద్రాక్ష, మిరియపు ఘాటున్న ఎర్ర వైన్. దాన్ని తాగినవాళ్ళలో ఎక్కువమంది పక్కనే దెకాజ్‌విల్ బొగ్గుగనుల కార్మికులు. గనులు మూతపడ్డాయి, కొనేవాళ్ళు పోయారు, తోటలు పాడుబడ్డాయి. పట్టు వదలని కొద్దిమంది రైతులు సహకార సంఘం పెట్టుకుని నిలబెట్టారు, 1990లో ఊరి పేరుకు చట్టపరమైన గుర్తింపు తెచ్చుకున్నారు. గనులు మూతపడిన ఏడాది ఆ ద్రాక్ష రుచి తగ్గిందని ఎవరైనా అనగలరా? పిరనీస్ పాదాల దగ్గర జురాన్సోన్‌లో పెతి మాన్సెంగ్ అనే మందపు తోలు ద్రాక్షను నవంబరు, ఒక్కోసారి డిసెంబరు దాకా తీగ మీదే వదిలేస్తారు. కొండ దాటి దక్షిణం నుంచి వచ్చే వేడి పొడిగాలి దాన్ని అక్కడే ఎండుద్రాక్షలా ముడతలు పడేట్టు చేస్తుంది. తీపీ పులుపూ సమానంగా నిలిచే వైన్ అది. ఆ గాలి లేనిచోట ఆ వైన్ కుదరదు. బాన్యూల్స్‌లో సముద్రం మీదికి వాలిన పలకరాతి మెట్ల మీద గ్రెనాష్, సవ్వాలో మంచుకొండల కింద జాకేర్. ఇవన్నీ ఏకరువు పెట్టడానికి ఈ వ్యాసం చాలదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 1935లో ఊరి పేరును కాపాడే చట్టం వచ్చాక, 1936 మే నెలలో గుర్తింపు పొందిన మొట్టమొదటి పేర్లలో ఆర్బువా, కసిస్, తవెల్, మోన్‌బజియాక్ ఉన్నాయి. బోర్డో కోటల కంటే ముందు, లోకం పెద్దగా ఎరగని ఊళ్ళు వరసలో నిలబడ్డాయి. పేరును కాపాడుకోవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకు తెలుసు.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఇంకో వాదం ఎత్తుతారు. నేలదేముంది, అంతా విత్తనంలోనే ఉంది, రకం ఒకటైతే ఎక్కడ వేసినా ఒకటే అని. కాఓర్ మాల్బెక్‌ను 1853లో అర్జెంటీనాకు పట్టుకెళ్ళారు. ఆండీస్ ఎండలో, ఎత్తైన మెండోసా నేలలో అది మెత్తగా, పండువాసనతో వచ్చింది. కాఓర్ సున్నపురాతి పీఠభూమి మీద అదే ద్రాక్ష గరుకుగా, నిటారుగా ఉంటుంది. జురా సవాన్యాఁ, మధ్య యూరపులో పెంచే ట్రామినర్ జన్యుపరంగా ఒకే రకమని తేలింది. గ్లాసులో పోస్తే ఆ రెంటికీ పోలిక వెతకాల్సిందే. రకం ముఖ్యమే. కానీ రకం ఒక్కటే అన్నవాడు సగం లెక్క చేసి పలక చెరిపేసినట్టే.

అంత దూరం కూడా అక్కర్లేదు. నేల తేడా తెలుసుకోవడం మనకు చేతకాదనేవాళ్ళు పొదిలి పొగాకు వేలం కేంద్రానికి రావాలి. 1975 చట్టంతో ఏర్పడి గుంటూరు కేంద్రంగా నడిచే పొగాకు బోర్డు, 1985 నుంచి మన రాష్ట్రంలో వేలాలు నడుపుతోంది. వర్జీనియా పొగాకు రకం పేరు ఒకటే. అయినా బోర్డు దాన్ని నేలను బట్టే విడదీసి చూస్తుంది: ఉత్తరాది తేలిక నేలలు, దక్షిణాది తేలిక నేలలు, దక్షిణాది నల్లరేగడి నేలలు. పొదిలి, కనిగిరి, కందుకూరు దక్షిణాది తేలిక నేలల్లోకి వస్తాయి. పంట పరిమాణం ఇలాగే నిర్ణయిస్తారు, లెక్కలు ఇలాగే రాస్తారు. సిగరెట్టు కంపెనీ కొనుగోలుదారుడు ఆకును వేళ్ళ మధ్య నలిపి అది ఏ నేలదో గుర్తుపడతాడు. జంగారెడ్డిగూడెం ఇసుకనేలలో నీరు కట్టి పెంచిన ఆకునూ, పొదిలి చుట్టుపక్కల ఈశాన్య రుతుపవనపు తేమ మీద బతికిన ఆకునూ ఒకే గాటన కట్టడు. కంపెనీకి కావాల్సి వచ్చినప్పుడు నేల ఉంది. రైతు అడిగినప్పుడే నేల లేదా?

మిరప దగ్గరకొచ్చేసరికి ఆ కన్ను మూసుకుపోతుంది. జనవరి నుంచి కోతలు మొదలవుతాయి, కల్లంలో ఆరబెడతారు, తాలు ఏరతారు, టిక్కీలు కుట్టి లారీకెక్కిస్తారు. గుంటూరు యార్డులో దిగాక మచ్చు తీసి చూసేది రకం, రంగు, తేమ, తాలు. తేజ ఎంత, బాడిగ ఎంత, 334 ఎంత, 341 ఎంత అని ధరల పట్టిక వేస్తారు. ఏ మండలం అన్న గడి ఆ పట్టికలో లేదు. దుర్గి కాయ, త్రిపురాంతకం కాయ, పొదిలి కాయ అదే కుప్పలో కలుస్తాయి. కాలువ కింద పండిందీ బోరు కింద పండిందీ, నల్లరేగడిదీ ఎర్రచెక్కదీ తేడా లేకుండా గుంటూరు మిర్చి అయి ఓడెక్కుతాయి. గుంటూరు సన్నం పండేది గుంటూరు జిల్లాలో మాత్రమే కాదు. ప్రకాశంలోనూ, వరంగల్లోనూ, ఖమ్మంలోనూ అది పంటే. ఆ పేరు నిజానికి ఒక యార్డు పేరు. బోర్డో ఒక రేవు పేరైనట్టే.

పేరు నేలను చూసి రాదనడానికి మన దగ్గరే ఇంకా పెద్ద నిదర్శనం ఉంది. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళి ఆ దేశపు మాంసపు మందల్లో అధిక భాగమయ్యాయి. అక్కడ వాటి పేరు నెలోర్. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, కాగితాల మీద రాసింది నెల్లూరు. 1904లో ఒంగోలు గుంటూరు జిల్లాకు మారింది, 1970లో సొంత జిల్లా అయింది. పొదిలి కూడా 1970 దాకా నెల్లూరు జిల్లాదే. మనం మారలేదు, మన మట్టి మారలేదు. మన మీద అతికించిన చీటీలు మారుతూ వచ్చాయి. వాటిని చూసి మట్టి విలువ కడతామంటే ఎలా?

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వస్తాను. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. "గుంటూరు పేరు గొడుగులాంటిది, దాని కింద నిలబడితే అందరికీ నీడ. ప్రపంచంలో పొదిలి ఎవరికి తెలుసు? పేరు విడదీస్తే ఉన్నదీ పోతుంది" అంటారు. ఆ పేరు చిన్న రైతుకు కొనుగోలుదారుణ్ణి తెచ్చిపెట్టింది, నిజం. కానీ పేరు అందరిదీ అయినప్పుడు మంచి కాయకూ మామూలు కాయకూ మధ్య ఉండాల్సిన ధర తేడా కరిగిపోతుంది. ధర పెరిగిన ఏడాది ప్రతివాడూ మిరపే వేస్తాడు, పడిన ఏడాది అందరూ ఒక్కసారే మునుగుతారు. ఫ్రాన్సులో దీన్ని అనుభవించిన ప్రాంతం లాంగ్‌దాక్. అరమోన్ అనే విపరీతంగా కాసే ద్రాక్షతో, ఊరి పేరు ఊసెత్తకుండా, పీపాల లెక్కన వైన్ పారించింది. పంచదార కలిపిన కల్తీ వైన్ కూడా తోడై ధర కూలింది. 1907 జూన్ 9న మోన్‌పెలియే వీధుల్లో ఐదు లక్షలకు పైగా జనం నిలబడ్డారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చచ్చిపోయారు. మన వైపు 2025 ఫిబ్రవరిలో మిరప ధర ఎంత పడిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. గొడుగు అందరి తల మీదా ఉంది. తడవకుండా ఎవరు మిగిలారు?

చిన్న ఊరి పేరుతో బతకడం సంపన్న దేశాల విలాసమని కొట్టిపారేసేవాళ్ళకు జవాబు ఫ్రాన్సులోనే, వైన్‌లో కాదు, మిరపలో ఉంది. పిరనీస్ పడమటి కొసన బాస్క్ ప్రజల నేలలో ఇరులెగి అనే బుల్లి వైన్ ప్రాంతం. దాని పక్కనే ఎస్పెలెట్ అనే పల్లె. మిరప మనకు వచ్చినట్టే అమెరికా ఖండం నుంచి వాళ్ళకూ వచ్చింది. గొర్రియా అనే ఒకే రకం వేస్తారు. కారం కొలతలో 4 వేల స్కోవిల్ యూనిట్లు దాటదు. మన సన్నం 35 వేల పైమాటే. వాన ఎక్కువ గనక ఆరబెట్టడం వాళ్ళకు మనకన్నా కష్టం. దండలు గుచ్చి ఇళ్ళ గోడలకు వేలాడదీసి, ఆపైన పొయ్యిలో ఆరబెట్టి పొడి కొడతారు. చుట్టుపక్కల పది గ్రామాల రైతులు సంఘం కట్టి, వైన్‌కు ఉన్న చట్టాన్నే మిరపకు వర్తింపజేయమని అడిగారు. 2000లో ఫ్రాన్సు గుర్తింపు, 2002లో యూరపు గుర్తింపు సాధించారు. ఆ పది ఊళ్ళ బయట పండిన కాయను ఎవరూ ఆ పేరుతో అమ్మలేరు. అక్కడ మిరప గ్రాముల లెక్కన సీసాల్లో అమ్ముడవుతోంది. వాళ్ళ దగ్గర లేని కారం మన దగ్గర ఉంది, లేని ఎండ మన దగ్గర ఉంది. మన దగ్గర లేనిది సంచి మీద ఊరి పేరు.

వరంగల్ రైతులు ఈ దారి పట్టారు. టమాటాలా గుండ్రంగా, తక్కువ కారంతో, ఎక్కువ రంగుతో ఉండే చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదొక రైతు ఉత్పత్తిదారుల సంఘం పూనుకుంటే జరిగిన పని.

పొదిలి కాయ గుంటూరు కాయ కన్నా గొప్పదని నేను అనటం లేదు. దాన్ని విడిగా చూడమంటున్నాను, విడిగా కొలవమంటున్నాను, విడిగా రాయమంటున్నాను. సుగంధద్రవ్యాల బోర్డుకు గుంటూరులోనే పరీక్షశాల ఉంది, లాంలో మిరప పరిశోధన కేంద్రం ఉంది. మండలాల వారీగా మచ్చులు తీసి రంగు, కారం కొలిచి ఏటా అచ్చువేయడం ఆ సంస్థలకు పెద్ద భారం కాదు. యార్డు పట్టికలో రకం పక్కన మండలం అనే ఒక్క గడి చేర్చడం అంతకన్నా చిన్న పని.

పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి, దర్శి రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! వాళ్ళు చేసేదాకా ఆగకండి. ఈ కోతలకు టిక్కీ కుట్టేటప్పుడు ఊరి పేరు, రకం పేరు, ఏ నేలో, కల్లంలో ఎన్ని రోజులు ఆరిందో రాసిన చీటీ ఒకటి లోపల పెట్టండి. యార్డులో ఎవరూ అడగకపోయినా పెట్టండి. పదిమంది కలిసి మచ్చు పరీక్షకు పంపించి, వచ్చిన అంకెలను పంచాయతీ గోడకు అంటించండి.